తాళం ఎవరిది?

మా శిక్షణా కేంద్రంలో ఎలక్ట్రీషియన్ ట్రేడు చెప్పడానికి కొత్తగా చేరిన ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు ఈ మధ్య మా ఇంటికి వచ్చారు. చాయ్ తాగారు, ఎండల గురించి మాట్లాడారు, ఓపెన్‌కాస్టు గనుల దుమ్మును తిట్టారు. లేచేముందు ఒకతను అసలు సంగతి బయటపెట్టాడు.

"సార్, పిల్లలు జర్మనీ అంటున్నరు, జపాన్ అంటున్నరు. పాఠమేమో అక్కడి సార్లు తెర మీద చెప్తున్నరు. ఇగ మనం చేసేదేంది?"

"రేపు చెప్తగని పోండ్రి" అని పంపించేశాను. వాళ్ళు పోయాక మనసు ఊరుకోలేదు, రాయడానికి కూర్చున్నాను. కాబట్టి ఇది వాళ్ళ కోసం, వాళ్ళ తర్వాత వచ్చేవాళ్ళ కోసం. నాకు ఎప్పుడు ఏ ప్రమోషన్ వచ్చిందో ఇందులో ఉండదు. అవి నా భార్యకే గుర్తులేవు, మీకెందుకు?

మల్లయ్య కాక

సారు కాకముందు నేను గోదావరిఖనిలో భూగర్భ గని ఎలక్ట్రీషియన్ని. మా ఫోర్‌మన్ మల్లయ్య కాకది కమాన్‌పూర్. చదువు చెప్పిన సార్లు నాకు చాలామంది ఉన్నారు కానీ పని నేర్పింది ఆయనే.

గనిలో ఏ యంత్రం బాగుచెయ్యాలన్నా ముందు కరెంటు ఆపెయ్యాలి. ఆపిన స్విచ్చుకు, ఆ యంత్రం మీద చెయ్యి పెట్టే ప్రతివాడూ తన సొంత తాళం వెయ్యాలి. తాళంచెవి తన జేబులోనే ఉండాలి. పని అయ్యాక ఎవరి తాళం వాళ్ళే తియ్యాలి. అందరి తాళాలూ పోతేనే కరెంటు వస్తుంది. దీని అర్థం ఒక్కటే, లోపల మనిషి లేడని ఆ మనిషే వచ్చి చెప్పాలి.

మల్లయ్య కాక స్విచ్చుబోర్డు ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, ఒక్కో తాళం వైపు గడ్డంతో చూపిస్తూ అడిగేవాడు: "తాళం ఎవరిది?" ఎవరిదైతే వాడు గట్టిగా "నాది" అనాలి. ఇంకొకడు నోరు తెరవకూడదు.

నేను కొత్తలో ఒకసారి తెరిచాను. "శంకరన్నది కాక. చాయ్‌కు పోయిండు. చెవి నాకే ఇచ్చిండు, తియ్యాల్నా?" అన్నాను.

కాక నన్ను తిట్టలేదు. పక్కనున్న ఖాళీ పెట్టె బోర్లేసి దాని మీద కూర్చున్నాడు. "చాయ్ తాగినంక వస్తడు గదా. నువ్వు గూడ కూసో" అన్నాడు.

కూర్చున్నాం. పైనుంచి ఫోను మోగింది. మేనేజరు సారు ఉత్పత్తి ఆగిందని అరుస్తుంటే ఆ అరుపు నాకే వినబడుతోంది. కాక ఫోనును చెవికి దూరంగా పట్టుకుని, "వస్తుండు సార్, తాళమాయన వస్తుండు" అన్నాడు తాపీగా. నాకు చచ్చేంత భయమేసింది కానీ ఆయన మొహంలో ఆందోళన ఆవగింజంత కూడా లేదు. శంకరన్న వచ్చాక ఆయన చేతే తీయించి, అప్పుడు లేచాడు.

తర్వాత నేను శిక్షణా కేంద్రంలో ఇన్‌స్ట్రక్టరుగా చేరినప్పుడు గని నుంచి ఆ ప్రశ్న వెంట తెచ్చుకున్నాను. పొద్దున వర్క్‌షాపు మొదలవగానే బోర్డు ముందు నిలబడి అడిగేవాణ్ణి. పిల్లలు మొదట్లో నవ్వేవాళ్ళు. నా వెనకాల నన్ను "తాళం సార్" అనేవాళ్ళని తెలుసు. అన్నా పర్వాలేదనుకున్నాను.

గేటు దాకా

ఆ రోజుల్లో పిల్లలు గల్ఫ్‌కు పోయేవాళ్ళు. మస్కట్, దుబాయ్, దోహా. మన పని గేటు దాకానే. వైర్లు కలపడం నేర్పు, పరీక్ష పెట్టు, సర్టిఫికెట్ ఇయ్యి, దీవించి పంపు. ఆ తర్వాత ఏజెంటు చూసుకుంటాడు, లేకపోతే దేవుడు చూసుకుంటాడు.

సెలవు మీద వచ్చినప్పుడు సెంటు సీసా పట్టుకుని ఇంటికొచ్చి కాళ్ళు మొక్కేవాళ్ళు. "పనెట్లున్నది బిడ్డా?" అంటే "మంచిగనే ఉన్నది సార్" అనేవాళ్ళు. అంతకుమించి నేనడిగేది లేదు, వాళ్ళు చెప్పేది లేదు. ఎటువంటి బోర్డు మీద పని చేస్తున్నారో, వాళ్ళ ఫోర్‌మన్ ఏ భాషలో తిడతాడో, భయమేస్తే ఎవరికి చెప్పుకుంటారో నాకు తెలియదు. ఆ ఫికర్ సారుకు ఉండాలని అప్పట్లో ఎవరూ అనుకోలేదు. నా సెంటు సీసాలు మాత్రం బీరువా నిండా ఉండేవి.

ఫోను పట్టుకునే సారు

తర్వాత కాలం మారింది. జర్మనీలోని ఒక వృత్తి విద్యా పాఠశాలతో మా కేంద్రానికి ఒప్పందం కుదిరింది. వర్క్‌షాపులో గోడంత టీవీ పెట్టారు. అక్కడి సారు తెర మీద పాఠం చెప్తాడు. ఆయనకు మా పిల్లల చేతులు కనబడాలి కదా, అందుకని ఒకరు ఫోను పట్టుకుని బల్లల మధ్య తిరగాలి. ఆ ఒకరు నేను.

"ఇంకొంచెం కిందికి, ప్లీజ్. కొంచెం ఎడమకు, ప్లీజ్" అనేవాడు ఆయన. తల కొట్టేసినట్టుండేది. ఇంటికెళ్ళి నా భార్యతో, "నన్ను ఫొటోగ్రాఫర్ని చేసిండ్రు" అన్నాను.

"మంచిదే గదా, పెండ్లిళ్ల సీజన్ల పనికొస్తవు" అంది ఆవిడ.

ఉడుక్కున్నాను కానీ, నిజం చెప్పాలి. ఫోను పట్టుకుని నోరు మూసుకున్నాకే నేను పిల్లల చేతులు సరిగ్గా చూశాను. ముందు నిలబడి పాఠం చెప్పినన్నాళ్ళూ నాకు మొహాలే కనబడేవి. తలూపితే అర్థమైందనుకునేవాణ్ణి. పక్కన నిలబడితే ఎవరి వేళ్ళు భయపడుతున్నాయో తెలిసింది. ఇంకోటి కూడా కనబడింది. ఒకరి చేతిలో స్క్రూడ్రైవర్ జారితే పక్కవాళ్ళ చెయ్యి అడగకుండానే వచ్చి అందుకునేది. మా గని బస్తీల అలవాటు అది. నాకు భలే గర్వంగా ఉండేది. ఫోను కాస్త అటు తిప్పి, ఆ చేతుల్ని జర్మనీ సారుకు చూపించేవాణ్ణి.

ఆ సారు పేరు వెర్నర్. ఒకసారి స్వయంగా వచ్చి మా దగ్గర కొన్నాళ్ళున్నాడు. పొడుగ్గా, నెరిసిన మీసాలతో, ఎండకు ఎర్రబడిపోయి తిరిగేవాడు. పిల్లలు ఆయన్ను ఒక్క రోజులోనే "వీరన్న సార్" చేశారు. చౌరస్తాలో మిర్చి బజ్జీ తిని కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఇంకొకటి అడిగాడు. ఇద్దరిదీ అంతంతమాత్రం ఇంగ్లీషే కాబట్టి మాకు బాగా పొత్తు కుదిరింది.

ఆయనకు నా మీద ఒక ఫిర్యాదు ఉండేది. ఎవరి గురించి అడిగినా నేను "మంచి పిల్ల, మంచి పిలగాడు" అంటానని. "నువ్వు వాళ్ళ తండ్రిలా మాట్లాడతావు. నాకు వాళ్ళ సారు కావాలి. ఎక్కడ తప్పుతారో చెప్పు, అక్కడ నేను పట్టుకుంటాను" అన్నాడు. నాకు కోపమొచ్చింది. పరాయివాడి ముందు మన పిల్లల్ని తక్కువ చేసి ఎట్లా చెప్తాం? ఆయన అడిగినదాంట్లో ఎంత ప్రేమ ఉందో అప్పుడు అర్థం కాలేదు.

వచ్చిన మొదటి రోజు పొద్దున నా ప్రశ్న విని, అదేమిటని అడిగాడు. నాకొచ్చిన ఇంగ్లీషులో మల్లయ్య కాక సంగతంతా చెప్పాను. బోర్లేసిన పెట్టె గురించి చెప్పినప్పుడు పడీపడీ నవ్వాడు. ఆ మర్నాటి నుంచి ఎక్కడున్నా సరే, ఆ వేళకు వచ్చి పిల్లల వెనక నిలబడి వినేవాడు.

సమీనా

సమీనా మా చౌరస్తాలో బండ్ల మెకానిక్ ఖాజా భాయ్ కూతురు. పానాలు అందిస్తూ పెరిగిన పిల్ల. ఏ పనైనా ఒకసారి చూస్తే చాలు, వచ్చేసేది. నవ్వితే వర్క్‌షాపంతా వినబడేది.

పెద్దవాళ్ళు పని చేస్తుంటే చూస్తూ ఊరుకోవడం ఆ అమ్మాయి వల్ల కాదు. నేను టూల్‌బాక్సు ఎత్తబోతే "ఇటియ్యుండ్రి సార్" అని లాక్కునేది. ఊడ్చే రాజవ్వ చేతిలో బకెట్ ఉంటే పరుగెత్తిపోయి అందుకునేది. పెద్దమనిషి చేతిలో పనిని చిన్నవాళ్ళు అందుకోవాలి, మా దగ్గర పిల్లల్ని పెంచే పద్ధతే అది. అందరం మెచ్చుకున్నాం. నేను మరీ ఎక్కువ మెచ్చుకున్నాను.

వెర్నర్ వాళ్ళ ఒప్పందం కింద సమీనా జర్మనీ వెళ్ళింది. అక్కడ పద్ధతి ఏమిటంటే, కొన్ని రోజులు బడి, కొన్ని రోజులు ఫ్యాక్టరీ. మొదటి కొన్ని నెలలు పరీక్షా కాలం. ఆ లోపల ఫ్యాక్టరీవాళ్ళకు నచ్చకపోతే ఒక్క మాటతో ఇంటికి పంపేయొచ్చు.

ఆదివారాలు ఫోన్ చేసేది. "సార్, ఈడ యూసుఫ్ చాచా అని ఒకాయన ఉన్నడు. టర్కీ ఆయన. పెద్ద మెకానిక్. రంజాన్‌ల ఇంటికాడికెళ్లి నాకు షోర్వా తెచ్చిండు. అబ్బాజాన్ యాదికొచ్చి ఏడ్చిన" అని చెప్పింది. నాకు మనసు కుదుటపడింది. పరాయి దేశంలో ఒక పెద్దదిక్కు దొరికిందనుకున్నాను.

తర్వాత ఒక మధ్యాహ్నం, ఆదివారం కాని రోజు, ఫోన్ వచ్చింది. ఎత్తితే ఏడుపు.

"ఏమైంది బిడ్డా? నిమ్మళంగ చెప్పు."

"సార్, నన్ను వాపస్ పంపుతరట."

ముక్కలు ముక్కలుగా చెప్పింది. డబ్బాలు సర్దే ఒక యంత్రాన్ని యూసుఫ్ బాగుచేశాడు. బోర్డు మీద తన తాళం వేశాడు. డ్యూటీ అయిపోయి, బట్టలు మార్చుకుని, గేటు దగ్గరికి వచ్చాక తాళం తీయలేదని గుర్తొచ్చింది. బోర్డు ఇనుప మెట్లెక్కితే పైన ఉంటుంది. ఆయనకు మోకాళ్ళ నొప్పి. సమీనా ఎదురుగా కనబడింది.

"గాయన ముసలాయన సార్. మోకాలు పట్టుకుని నిలబడ్డడు. మల్ల మెట్లెక్కియ్యాల్నా? నేనే చెవి అందుకున్న. పోయి తీసిన."

ఆయన మరిచిపోయింది తాళం ఒక్కటే కాదు. యంత్రానికి ఒకవైపు మూత బిగించలేదు. ఆయనే పైకి పోయి ఉంటే దారిలో అది కంటబడేది. సమీనాకు ఆ సంగతి తెలియదు. తాళం లేదని చూసి తర్వాతి షిఫ్టువాళ్ళు యంత్రం నడిపారు. మూత లేని చోట తుడుస్తున్న ఒకమ్మాయి చొక్కా చెయ్యి డబ్బాలు కదిలే పట్టీలో చిక్కింది. ఎవరో గబుక్కున ఆపారు. చొక్కా చినిగింది, చేతికి ఏమీ కాలేదు.

"నేర్పిన గదా సమీనా" అన్నాను.

"నేర్పిండ్రు సార్" అంది. ఇంకా ఎక్కువ ఏడ్చింది.

రెండు వైపుల నుంచి

ఫ్యాక్టరీవాళ్ళు విచారణ పెట్టారు. పిల్ల పాత సారును కూడా తెర మీద కూర్చోబెట్టి అడగాలని వెర్నర్ పట్టుబట్టాడట. నాకు కబురొచ్చింది. నా ఉద్యోగంలో అటువంటి పిలుపు అదే మొదటిది. పరీక్ష పెట్టడం తెలుసు, పాసు చెయ్యడం తెలుసు. సముద్రాల అవతల జరిగినదానికి సాక్షిగా నిలబడడం ఎవరూ నేర్పలేదు.

విచారణకు ముందు రోజు ఖాజా భాయ్ ఇంటికి వచ్చాడు. చేతులకు గ్రీజు కూడా సరిగ్గా తుడుచుకోలేదు. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"సార్, ఒక్క మాటనుండ్రి సాలు. గీ తాళం ముచ్చట మేం నేర్పలేదని. తెల్వక చేసిందంటే ఇడిసిపెడ్తరట. తెలిసి చేసిందంటేనే పంపుతరట. మీ బిడ్డసొంటిది సార్."

మర్నాడు ప్రిన్సిపాల్ గదికి పిలిచాడు. ఆయన గోల ఇంకో రకం. "నేర్పినం అనాలె మీరు. నేర్పలేదంటే మన కేంద్రం పేరు పోతది. ఇగ ఒక్కర్ని తీసుకోరు."

విచిత్రమేమిటంటే నిజం ప్రిన్సిపాల్ వైపే ఉంది. అదే నాకు మంటగా ఉంది. ఆయనకు పిల్ల పట్టదు, గేటు బోర్డు మీది పేరు కావాలి. ఖాజా భాయ్ అడిగింది అబద్ధం, కానీ ఆయన కళ్ళల్లోకి చూశాక నాకు ఆ అబద్ధమే చెప్పాలనిపించింది. దాచడమెందుకు, తెర ముందు కూర్చునేటప్పటికి నేను దాదాపు దానికే సిద్ధపడ్డాను. నేర్పలేదంటే నాకు పోయేదేముంది, నాలుగు రోజుల్లో రిటైరయ్యేవాణ్ణి అనుకున్నాను.

తెర ముందు

తెర మీద ఫ్యాక్టరీ అధికారి ఒకావిడ, పక్కన వెర్నర్, ఇంగ్లీషులోకి మార్చి చెప్పే ఒకబ్బాయి ఉన్నారు. ఇంకో చివర యూసుఫ్. మొదటిసారి చూశాను ఆయన్ను. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, తల దించుకుని కూర్చున్నాడు. మధ్యలో సమీనా. చిక్కిపోయింది. నవ్వే ఆ మొహాన్ని అట్లా చూసి, కుర్చీ తెరకు ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాను.

అధికారి సూటిగా అడిగింది. తాళం ఎవరిదో వాళ్ళే తీయాలన్న నియమం ఈ అమ్మాయికి మీ దగ్గర నేర్పారా, లేదా?

నేర్పలేదన్న మాట నోట్లో తయారుగానే ఉంది. కానీ సమీనా తలెత్తి నన్ను చూసింది. ఏం చెప్పమని కాదు. పొద్దున్నే వర్క్‌షాపులో చూసినట్టు చూసింది, నేను అడిగేదానికి ఎదురుచూస్తున్నట్టు. ఆ అబద్ధం వదిలేశాను. అధికారికి జవాబు చెప్పడం మానేసి, ఆ పిల్లనే తెలుగులో అడిగాను.

"తాళం ఎవరిది బిడ్డా?"

సమీనా, వర్క్‌షాపులో చెప్పినంత గట్టిగా కాకపోయినా అందరికీ వినబడేట్టు అంది:

"నాది కాదు సార్. యూసుఫ్ చాచాది."

మాటలు మార్చే అబ్బాయి తెల్లమొహం వేశాడు, తెలుగు వాడికి రాదు. వీళ్ళేమన్నారని అడుగుతున్నట్టు అధికారి వెర్నర్ వైపు చూసింది. వెర్నర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. వాళ్ళ భాషలో నెమ్మదిగా, చాలాసేపు మాట్లాడాడు. మధ్యలో చేతులు వెనక్కి కట్టుకుని, గడ్డంతో గోడ వైపు చూపించాడు. ఎప్పుడూ చూడని మల్లయ్య కాకను అట్లా దింపేశాడు. నా కళ్ళు నిండాయి.

వెర్నర్ ఏమన్నాడో ఆ అబ్బాయి తర్వాత నాకు ఇంగ్లీషులో చెప్పాడు. ఈ ప్రశ్న నేను వాళ్ళ వర్క్‌షాపులో రోజూ విన్నాను, ఈమెకు నేర్పారు, ఈమె ఇప్పుడు తన తప్పు తానే ఒప్పుకుంది, దాచుకునే దారి ఉండి కూడా దాచుకోలేదు, అటువంటి పిల్లకు మిగతాది నేను నేర్పగలను అన్నాడట వెర్నర్. యూసుఫ్ కూడా లేచి, చెవి ఇచ్చింది నేను, ముందు నన్నడగండి అన్నాడట.

వాళ్ళు మాట్లాడుకోవడానికి తెర ఆపేశారు. ఆ ఖాళీ తెర ముందు కూర్చున్నంత సేపు నేను దేవుళ్ళందరికీ మొక్కాను. వాకిట్లో ఖాజా భాయ్ నిలబడే ఉన్నాడు. తెర మళ్ళీ వెలిగింది. సమీనా ఉండొచ్చు. కానీ వాళ్ళకు నమ్మకం కుదిరేదాకా ఒంటరిగా బోర్డు దగ్గరికి పోకూడదు, భద్రత పాఠం మొదటి నుంచి చదవాలి. యూసుఫ్ కూడా అదే బెంచీ మీద కూర్చుని ఆ పాఠం చదవాలి.

బయటికొచ్చి చెప్తే ఖాజా భాయ్ నన్ను పట్టుకుని ఏడ్చాడు. నా తెల్లచొక్కాకు అంటిన గ్రీజు ఇప్పటికీ పోలేదు.

ఆ సాయంత్రం సమీనా ఫోన్ చేసింది. "సార్, మరి పెద్దాయన మోకాలు నొస్తే నేనేం జెయ్యాలె? చూసుకుంట నిలబడాల్నా?"

మంచి ప్రశ్న. అన్నేళ్ళలో నేను ఆలోచించనిది. చెప్పాను. "ఆయన సంచి అందుకో, టిఫిన్ డబ్బా అందుకో. తాళం మాత్రం ఆయన్నే తియ్యనియ్యి. మెట్లెక్కేటప్పుడు చెయ్యి పట్టుకో బిడ్డా."

మీకు చెప్పేది

తమ్ముళ్ళూ, మీరడిగినదానికి ఇదే నాకు తోచిన జవాబు. పాఠం తెర మీది సారు నాకంటే బాగా చెప్తాడు, చెప్పనివ్వండి. ఫోను మీరే పట్టుకోండి, సిగ్గుపడకండి. పట్టుకున్నప్పుడు చేతులు చూడండి. మన పిల్లలు సోమరితనంతోనో తెలివితక్కువతనంతోనో తప్పు చేసేది తక్కువ. మంచితనంతో చేస్తారు. అది వెర్నర్‌కు తెలియదు, మనకే తెలుసు. ఇక్కడ మనం మెచ్చుకున్న గుణం అక్కడ ఎక్కడ తగులుతుందో ముందే కూర్చోబెట్టి చెప్పండి. ఆ గుణం మానుకొమ్మని మాత్రం చెప్పకండి. దాన్ని ఎట్లా ఉంచుకోవాలో చెప్పండి. గేటు దాటాక కూడా ఫోన్ ఎత్తండి.

నేను రిటైరైన రోజు మామూలుగానే శాలువా, పూలదండ, ప్రిన్సిపాల్ ఉపన్యాసం. ఆయన నా సేవల గురించి చెప్తుండగా జేబులో ఫోను కదిలింది. సమీనా ఒక వీడియో పంపింది. దండ వేసుకునే చూశాను.

ఇనుప మెట్లు. యూసుఫ్ ఒక్కో మెట్టూ ఆగి ఆగి ఎక్కుతున్నాడు. సమీనా ఒక చేత్తో ఆయన మోచెయ్యి పట్టుకుంది, ఇంకో చేతిలో ఆయన సంచి. ఫోను ఎవరో కింది నుంచి పట్టుకున్నారు. పైకి చేరాక ఆయన ఊపిరి తీసుకునేదాకా సమీనా ఆగింది. అప్పుడు సంచి కింద పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని, గడ్డంతో బోర్డు మీది తాళం చూపించి అడిగింది.

"తాళం ఎవరిది?"

ఆ టర్కీ ముసలాయన నిటారుగా నిలబడి, తాళంచెవి పైకెత్తి పట్టుకుని, శుద్ధమైన తెలుగులో గట్టిగా చెప్పాడు.

"నాది."